వెన్నెలను లేపే డిస్కు

విడవలూరు,
శనివారం మధ్యాహ్నం.

నా ప్రియమైన డెబోరాకు,

ప్రభువు పేరట వందనాలు. ఇక్కడ అమ్మ, వెన్నెల, నేను అందరం క్షేమం. అలసటను కూడా క్షేమంలోనే కలుపుకుంటే మరీ క్షేమం. కువైట్‌లో నువ్వూ, నీ చేతుల మీద పెరుగుతున్న ఆ ఇంటి పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

జువ్వలదిన్నె ముత్యాలయ్య గారి కూతురు సెలవు ముగించుకుని ఎల్లుండి విమానం ఎక్కుతోంది. నీ ఉత్తరం తెచ్చి ఇచ్చింది ఆమే, ఇది నీకు తెచ్చి ఇచ్చేదీ ఆమే. శుక్రవారం శుక్రవారం ఫోనులో మాట్లాడుకుంటూనే ఉండారు గదా, మళ్ళీ ఉత్తరాలేందన్నా అని నవ్వింది. నీ పక్కన మేడమ్ నిలబడి ఉండగా, నా చేతిలోంచి వెన్నెల ఫోను లాక్కుంటూ ఉండగా మొగుడూ పెళ్ళాం మాట్లాడుకునేది ఏముంటుంది. తిన్నావా అంటే తిన్నాను. వాన పడిందా అంటే పడింది. మిగతాదంతా కాగితం మీదే చెప్పుకోవాలి. పైగా నేను చెప్పాల్సినది నోటితో చెప్పేది కాదు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి వరుసగా రాస్తాను. రెండు ప్రశ్నలు మాత్రం చివరికి ఉంచుతున్నాను. వెన్నెల పొద్దున్నే నీ డిస్కు పెట్టుకుంటోందా, నువ్వు అడిగినదానికి జవాబు చెబుతోందా అన్నది ఒకటి. మేడమ్ ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టమంటోంది, ఏం చెప్పమంటావు అన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు ఒక్కచోటే ఉంది. అక్కడిదాకా రావడానికి నాకు కొంచెం వ్యవధి కావాలి. కోప్పడకుండా చదువు.

అమ్మ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయని అడిగావు. అవి అట్లాగే ఉన్నాయి. కోవూరు డాక్టరు ఇచ్చిన మాత్రలు వేసుకోమంటే, "అయి మింగితే నిద్రొస్తాది, నేను పడుకుంటే పనెవురు చేస్తారు" అంటుంది. పని చేసేది నేనే అని గుర్తుచేయడం మానేశాను. నీకోసం ఎండు నెత్తళ్ళు ఏరి, తలలు తుంచి, కవరు మీద కవరు చుట్టింది. వాసనొస్తే విమానంలోంచి దింపేస్తారమ్మా అన్నాను. "యాడో ఒకకాడ దింపాల్సిందే గదా" అంది. ఆమె నోటికి ఏ జబ్బూ లేదు, దిగులుపడకు.

కొత్తగా కట్టే గది సంగతి. పైకప్పు వేయడం అయింది, తలుపు ఇంకా పెట్టలేదు. వడ్రంగి ఇదిగో వస్తున్నా అంటూనే రొయ్యల గుంటల కాడ షెడ్డు పనికి పోయాడు. ప్రస్తుతానికి గుమ్మానికి టార్పాలిన్ పట్ట కట్టాను. సముద్రం మీది గాలి తిరిగినప్పుడల్లా అది తెరచాపలా కొట్టుకుంటుంది, దాని చప్పుడుకు అమ్మ దాన్నే తిడుతుంది.

షాపు నడుస్తోంది అనడం కంటే ఈడ్చుకుపోతోంది అనడం నిజం. జెరాక్సులు, పాస్‌పోర్టు ఫొటోలు, ఆధార్‌లో తప్పులు దిద్దించుకునేవాళ్ళు. ఉప్పుగాలికి కీబోర్డులు తుప్పు పడుతున్నాయి. కంప్యూటరు మాత్రం క్రీస్తుదాసు మాస్టారు ఎక్కించిన లినక్స్ మీద ఇంకా కదులుతోంది. డబ్బు పెట్టి కొనే సిస్టం ఆ పాత పెట్టె మీద చతికిలపడితే, ఆయన కోవూరు బడిలో పిల్లలకు నేర్పేదాన్నే తెచ్చి దీనిలో వేశారు గుర్తుందా. ఎవరి సొంతమూ కానిది, ఎవరైనా వాడుకునేది అంటే, "ఊరబావి మాదిరా" అన్నావు నువ్వు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే నీ మాటే చెబుతున్నాను.

మంచం పట్టినవాళ్ళ డిస్కులు ఆపేశావా అని అడిగావు. ఆపలేదు. నువ్వు మొదలుపెట్టిన పని, ఆపితే ఆ ముసలివాళ్ళకు ముఖం చూపించలేను. ఆదివారం గుడికి రాలేనివాళ్ళ ఇళ్ళకు పాటలూ వాక్యమూ డిస్కు మీద పంపడం, శనివారానికి పాతవి వెనక్కి తెచ్చుకోవడం, వాటి మీదే కొత్త వారానిది రాయడం. ఆ ఇళ్ళలో స్మార్టుఫోను పిల్లల జేబుల్లో ఉంటుంది, ముసలివాళ్ళకు మిగిలింది డీవీడీ ప్లేయరే. నెల్లూరులో ఒకాయన షాపు ఎత్తేస్తూ అమ్మిన ఆ డిస్కుల కట్టే ఇంకా వాడుతున్నాను. ఎన్నిసార్లయినా రాసుకునే రకం గనుక ఇంతకాలం వచ్చింది. అన్నీ ఒకే అచ్చు, ఒకే వెండిరంగు. అన్నిటినీ పాత క్యాలెండరు కాగితం కవర్లలోనే పెడతాను. వెనక వీధి వెంకటశేషమ్మవ్వ కూడా ఇప్పుడు ఒకటి తీసుకుంటోంది. కళ్ళంలో జారిపడి తుంటి విరిగింది. మన సంఘం కాదు గదవ్వా అంటే, "మడిసి గొంతు ఇనపడితే సాలు నాయనా, ఏ దేవుడిదైతే నాకేంది" అంది.

డిస్కు పెట్టి రాయమన్న ప్రతిసారీ ఆ కంప్యూటరు ఒక మాట అడుగుతుంది. దీని మీద ముందే ఏదో ఉంది, దాని మీదే రాయమంటావా అని. ప్రతి శనివారం అడిగేదే. అవును అని నొక్కడం తప్ప, ఆ ప్రశ్న చదవడం నేను ఎప్పుడో మానేశాను.

ఇక చెప్పక తప్పదు. డెబోరా, నీ డిస్కు మీద నేను రాసేశాను.

నువ్వు ప్రయాణానికి సిద్ధమవుతున్న రోజులు నా కళ్ళ ముందే ఉన్నాయి. ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, ఎదురుగా పీట వేసుకుని, పొద్దున్నే వెన్నెలతో మాట్లాడే మాటలన్నీ ఒక్క బిగిన చెప్పావు. "లెయ్ మే వెన్నెలా, బారెడు పొద్దెక్కింది" దగ్గర మొదలు. "కళ్ళు తెరిసినావా" అని అడిగి, పాప బదులు చెప్పేంతసేపు ఊరుకుని, "అబద్దం, మళ్ళా తెరువు" అనేదానివి. పళ్ళు తోమడం, స్నానం, జడలు, క్యారియరు, చివర ప్రార్థన. ప్రతి ప్రశ్న తర్వాత ఖాళీ వదిలావు. ఎవరూ లేని వంటింట్లో, జవాబు విన్నట్టు తల ఊపుతూ నువ్వు కూర్చుంటే, "దీనికేమన్నా అయిందా ఏందిరా" అని అమ్మ నన్ను పక్కకు పిలిచి అడిగింది. టీవీలోనూ ప్లేయరులోనూ పెన్‌డ్రైవు పెట్టే చోట చీమలు దూరి పాడైంది గనుక దాన్ని డిస్కుకు ఎక్కించాను. కొత్తవి దొరక్క ఆ కట్టలోదే తీశాను. నువ్వు దాని మీద గోళ్ళరంగుతో చుక్క పెట్టి, "ఇంకోటి యాడన్నా దాసిపెట్టు" అన్నావు. సరేనన్నాను. పెట్టలేదు. నీ ఫోను అక్కడ బట్టల నీళ్ళలో పడి పాడైందని విన్నప్పుడైనా పెట్టాల్సింది. డిస్కు ఉంది గదా అనుకున్నాను. షాపులో చోటు చాలక ఫైలు అప్పటికే తీసేసి ఉన్నాను.

జరిగింది ఇది. వెంకటశేషమ్మవ్వ కోడలు తెల్లారకముందే నాట్లకు పోతుంది. అవ్వను పొద్దున్నే పలకరించే దిక్కు లేదు. ఆ సంగతి చూసి వెన్నెల, ఎవరికీ చెప్పకుండా, తన డిస్కు తీసుకుపోయి అవ్వ ప్లేయరులో పెట్టి వచ్చింది. రోజూ మన ఇంట్లో చూసుకున్నాక అక్కడ పెట్టి, మాపటికి తెచ్చుకునేది, నాలుగో రోజు శనివారం మాత్రం అక్కడే వదిలేసింది. వెన్నెలే నాతో తర్వాత చెప్పింది, "అమ్మ పండ్లు తోముకోమంటే అవ్వకి నవ్వొచ్చింది నాయనా, నాకు పండ్లే లేవే అనింది" అని. శనివారం నేను పోతే, అవ్వ ఎప్పటిలా తన దగ్గరున్నవన్నీ కవర్లలో పెట్టి ఇచ్చింది. గోళ్ళరంగు చుక్క ఎప్పుడో అరిగిపోయింది. నేను షాపుకు వచ్చి, ఒక్కొక్కటే పెట్టి, అవును, అవును అని నొక్కుకుంటూ పోయాను.

ఆదివారం బడి లేదు, డిస్కులు మళ్ళీ ఎవరి ఇళ్ళకు అవి చేరాయి. సోమవారం పొద్దున వెన్నెల అవ్వ ఇంటికి పోయి డిస్కు తెచ్చుకుంది. పెట్టింది. మొన్నటి ఆదివారం పాటలు వచ్చాయి. కాసేపు చూసి, "నాయనా, అమ్మ రావడంల్యా" అంది. నేను చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. ప్లేయరు పాడైనట్టుంది, బాగుచేయిస్తానన్నాను. పిల్లకు అబద్ధం చెప్పాను. అది నమ్మి, జడలు తానే వేసుకుని, బడికి పోయింది.

ఆ మర్నాడు నేను లేవకముందే వసారాలో నీ గొంతు వినబడింది. "లెయ్ మే వెన్నెలా, బారెడు పొద్దెక్కింది." ఉలిక్కిపడి లేచాను. డిస్కు ఎలాగో తిరిగొచ్చిందనే అనుకున్నాను. తీరా చూస్తే, వెన్నెల దుప్పటి ముసుగులోనే ఉంది. ముసుగులోంచి నీ గొంతుతో "కళ్ళు తెరిసినావా" అంటోంది. తన గొంతుతో "తెరిసినా" అంటోంది. మళ్ళీ నీ గొంతు, "అబద్దం." నీ దీర్ఘాలు, నీ విసుగు, నువ్వు చివర్లో నవ్వు ఆపుకునే తీరు, అన్నీ. నాకు ముచ్చట వేయలేదు, డెబోరా. భయం వేసింది. తొమ్మిదేళ్ళ పిల్ల తనకు తనే తల్లి అయి తనను తనే లేపుకుంటోంది.

అప్పుడు సిగ్గు విడిచి క్రీస్తుదాసు మాస్టారికి ఫోను చేశాను. తిడతారనుకున్నాను. ఆయన ముందుగా అన్నది ఒక్కటే. "ఇంకేం రాయబాక దాని మీద. తీసి పక్కన పెట్టు." ఈ రకం డిస్కు మీద కొత్తది రాస్తే పాతదంతా పోదట. లోపలి అంచు నుంచి మొదలై, కొత్తది ఎంత ఉంటే అంత మేరే పాతదాన్ని కప్పుతుంది. ఆ అవతల ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కాకపోతే దాని పేరు పట్టీలో ఉండదు గనుక ప్లేయరు దానికోసం చూడదు. పలక తుడవకుండా పై వరుసల మీదే మళ్ళీ రాసినట్టు అన్నమాట. పాటలూ వాక్యమూ కలిపినా కొంచెమే, నీ వీడియో పెద్దది. "అడుగున ఏమన్నా మిగిలుంటాది హెబ్రోనూ, చూద్దాం" అన్నారు.

పేర్లతో పని లేకుండా, డిస్కు మీద ఉన్నదంతా మొదటి నుంచి చివరిదాకా ఒకే ఫైలుగా దింపుకోవాలి. లినక్స్‌లో దానికి ఒక్క వరుస ఆజ్ఞ చాలు. ఆయన చెబుతుంటే కొట్టాను. నా కంప్యూటరులోని డిస్కు డ్రైవు కాసేపు మూలిగి, కొత్త పాటలు ఉన్నంత మేర చదివి, ఆ తర్వాత నా వల్ల కాదంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ రోజు షాపులో కూర్చుని ఎవరి ఆధార్ ఎవరికి ఇచ్చానో నాకే తెలియదు.

మాస్టారు బడికి సెలవు చూసుకుని బస్సులో వచ్చారు. షాపు కంప్యూటరును నేను ఇంటికే మోసుకొచ్చాను. బడిలో మూలన పడేసిన కంప్యూటరులోంచి పాత డ్రైవు ఒకటి విప్పి, తువ్వాలులో చుట్టి తెచ్చారు. అది చదివింది. ఎంత నెమ్మదిగా చదివిందంటే అమ్మ ఆయనకు అన్నం పెట్టి, చెయ్యి కడిగించి, తన మోకాళ్ళ కథ మొత్తం చెప్పినా ఇంకా చదువుతూనే ఉంది. ఆ ఫైలులోంచి పాటల భాగం కోసి పక్కన పెట్టి, వీడియో ఎక్కడ తగులుతుందో వెతికాం. తెర మీద బూడిదరంగు గళ్ళు కనబడ్డాయి. తర్వాత నీ మోచెయ్యి. తర్వాత నువ్వు, చేతిలో దువ్వెనతో. "కుడిజడ నాయనమ్మ యేస్తాది, ఎడమజడ నువ్వే యేసుకో. వంకర పోయినా పర్లా" అంటున్నావు.

అమ్మ వాకిట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆ మోకాళ్ళతోనే.

అక్కడి నుంచి చివరిదాకా అంతా దొరికింది. జడలు, క్యారియరు, ప్రార్థన. అంతకు ముందుది పోయింది. నువ్వు దాన్ని లేపడం, కళ్ళు తెరవమనడం, పళ్ళు, స్నానం, ఆ ముక్క మీదే మొన్నటి పాటలు కూర్చున్నాయి. మాస్టారు ఇంకా ఏవేవో చేసి చూశారు. కప్పబడిపోయింది ఇక రాదన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఈసారి ఒక్కసారే రాయడానికి వీలయ్యే డిస్కులు నెల్లూరు నుంచి తెప్పించి, దొరికినదాన్ని వాటి మీదకు ఎక్కించాను. ఒకటి ఇంట్లో, ఒకటి షాపులో, ఒకటి మాస్టారి దగ్గర. వాటిని నేను చెరపాలనుకున్నా చెరపలేను.

వెన్నెలకు నిజం చెప్పేశాను. నేనే రాసేశానని, మొదటి ముక్క పోయిందని. "అవ్వకి ఇయ్యకుండా ఉండాల్సింది" అంది. ఇచ్చినందుకు కాదమ్మా, చూసుకోకుండా రాసింది నేను అన్నాను. ఆ తర్వాత నాకో ఉపాయం తోచింది. పోయిన ముక్కలో మాటలన్నీ పిల్లకు కంఠతా వచ్చు గదా. "నువ్వే అమ్మ మాదిరి చెప్పు, రికార్డు చేసి ముందు అతికిస్తాను" అన్నాను. మంచి ఉపాయమే అనుకున్నాను.

అది ఒప్పుకోలేదు. "నేను చెప్తే ఎట్ట నాయనా. లేపేవాళ్ళు ముందే లేసుండాల గదా" అంది.

నీకు ఇంతదాకా రాయనిది ఒకటి ఉంది. డిస్కులో జడల తర్వాత నువ్వు "మీ నాయన లేసినాడా, అడుగు" అంటావు. అని ఆగుతావు. అన్నిటికంటే పెద్ద ఖాళీ అదే. ఇన్నాళ్ళూ ఆ ఖాళీలో వెన్నెల నా మంచం వైపు చూసి, "ఇంకా లెయ్యలేదుమా" అని నా బదులు చెప్పేది. నేను మెలకువగానే ఉండేవాణ్ణి. ప్రతి పొద్దునా నీ గొంతుకే మెలకువ వచ్చేది. కళ్ళు మూసుకుని, అటు తిరిగి పడుకునేవాణ్ణి. నువ్వు అడిగేది విని, నువ్వు లేని ఇంట్లో లేచి కూర్చుని లేచాను అని చెప్పడం నా వల్ల అయ్యేది కాదు. డిస్కు పోయిన ఆ మొదటి పొద్దున, రేపటి నుంచి ఆ ప్రశ్న వినక్కర్లేదని ఒక్క క్షణం నా ప్రాణం తేలికపడింది. ఆ తేలికే నన్ను ఎక్కువ బాధపెట్టింది. డిస్కు చెరిపినందుకు కాదు, దీనికి నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

ఇక రెండో ప్రశ్న. గది పూర్తయ్యేదాకా ఉండు అని ఇంతకుముందు నేనే అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. సంతకం పెట్టొద్దు. ఈ గడువు తీరగానే వచ్చేయి. తలుపు లేని గదిలో పడుకుందాం, పట్ట ఎంత కొట్టుకుంటే అంత కొట్టుకోనీ. పిండి కొద్దీ రొట్టె. ఆ పోయిన ముక్కను అక్కడి నుంచి మళ్ళీ రికార్డు చేసి పంపుతాననొద్దు. నేను అడగకముందే వెన్నెల ఆ సంగతి తేల్చేసింది. కొత్త డిస్కులో ముందు భాగం అట్లాగే వదిలెయ్యమంది. అందుకే ఏమీ లేని నల్లటి తెర కొంచెంసేపు వచ్చి, ఆ తర్వాత నువ్వు దువ్వెనతో కనబడతావు. ఆ నలుపు నడుస్తున్నంతసేపూ అది తెర ముందు చేతులు కట్టుకుని కూర్చుంటుంది. "ఇది అమ్మకి ఇడిసిన ఖాళీ" అంటుంది. ఖాళీలు వదలడం దానికి నీ దగ్గరే వచ్చింది.

దాన్ని లేపే పని ఇప్పుడు నాది. నాకు నీలాగా రాదు. "లేమ్మా" అంటాను, అంతే. అది కళ్ళు మూసుకునే "తెరిసినా" అంటుంది, నేను నమ్మేస్తాను. "అబద్దం" అనాలి నాయనా అని అదే నేర్పుతోంది. ఈ పొద్దున నువ్వు తెర మీద "మీ నాయన లేసినాడా, అడుగు" అన్నావు. వెన్నెల నా వైపు తిరిగింది. నేను దాని ఎడమజడ సరిచేస్తూ ఉన్నాను. ఆ ఖాళీలో నా జవాబు నేనే చెప్పాను. నీకు వినబడదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

ఇట్లు,
లేచే ఉన్న,
వెన్నెల వాళ్ళ నాయన
హెబ్రోను